పెనం మీద రొట్టె.. పొట్టకు మేలేనా?

ఒకప్పుడు మన ఇళ్లలో బ్రెడ్డంటే జ్వరం తిండి. ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే నాన్న సాయంత్రం ఇంటికొస్తూ ఓ ప్యాకెట్ తెచ్చేవారు. పాలలో ముంచి తినిపించేవాళ్లు. జ్వరం తగ్గగానే బ్రెడ్డునూ మరిచిపోయేవాళ్లం. ఇప్పుడు లెక్క తిరగబడింది. ఒంట్లో బాగున్న పిల్లలకే పొద్దున్నే బ్రెడ్డు పెడుతున్నాం. కాలేజీ బస్సు ఏడింటికల్లా వీధి చివరికి వచ్చేస్తుంటే ఇడ్లీ పాత్ర పొయ్యెక్కించే తీరిక ఎక్కడిది? గుంటూరులో అరండల్‌పేట మొదలు పల్లెటూరి కిరాణా కొట్టు వరకు బ్రెడ్డు దొరకని చోటే లేదు.

ఈ మధ్య చాలా ఇళ్లలో ఇంకో ఉత్సాహం కనిపిస్తోంది. ఫోన్లో వీడియోలు చూసి రొట్టెలు, బన్నులు సొంతంగా చేసుకుంటున్నారు. మంచిదే. అయితే ఓవెన్ లేదని వెనకాడేవాళ్లే ఎక్కువ. అలాంటి వారికి సరిగ్గా సరిపోయేది ఇంగ్లిష్ మఫిన్. పేరు చూసి కాగితం కప్పులో వచ్చే తియ్యటి కేకు అనుకోకండి. ఇది ఈస్టుతో పులియబెట్టి, పెనం మీద రెండు వైపులా కాల్చే గుండ్రటి, మందపాటి రొట్టె. ఇంగ్లండ్ నుంచి అమెరికా వెళ్లిన శామ్యూల్ బాత్ థామస్ 1880లో న్యూయార్క్‌లో బేకరీ తెరిచాక అక్కడ దీనికి పేరొచ్చింది. మనకు మాత్రం ఇది మరీ కొత్తేం కాదు. మినప్పిండి పులియబెట్టి, మూత పెట్టి, సన్నని సెగ మీద దిబ్బరొట్టె కాల్చే చేతులకు ఇదెంత పని?

బజార్లో దొరికేదాన్ని ఇంట్లో ఎందుకు చేసుకోవాలి? 2016 మే నెలలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 38 రకాల బ్రెడ్డు, బన్ను, పావ్, పిజ్జా, బర్గర్ రొట్టెల నమూనాలు పరీక్షించింది. వాటిలో 84 శాతంలో పొటాషియం బ్రోమేట్, పొటాషియం అయోడేట్ ఆనవాళ్లు కనిపించాయి. పిండి బాగా పొంగడానికి కలిపే రసాయనాలివి. బ్రోమేట్ మనుషుల్లో క్యాన్సర్ కారకం కావొచ్చన్నది అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరణ. మరుసటి నెలలోనే మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ బ్రోమేట్‌ను నిషేధించింది. కాబట్టి ఇప్పుడు ప్రతి ప్యాకెట్‌నూ చూసి హడలిపోనక్కర్లేదు. కానీ ఆ ఉదంతం నేర్పిన పాఠం ఒకటుంది. నోట్లో పెట్టుకునేదాంట్లో ఏముందో మనకు తెలిసుండాలి. ప్యాకెట్ కొంటే వెనక్కి తిప్పి చదవాలి. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందుంటుంది. ముందు మైదా అని ఉంటే, పైన 'బ్రౌన్' అని ఎంత పెద్దక్షరాలతో రాసినా అది మైదా రొట్టే. సోడియం 400 మిల్లీగ్రాములంటే ఒక గ్రాము ఉప్పు అని గుర్తుపెట్టుకోండి.

ఇక చేసే పద్ధతి. ఎనిమిది రొట్టెలకు గోధుమపిండి 200 గ్రాములు, మైదా 200 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్టు ఒక చెంచా, చక్కెర ఒక చెంచా, తలకొట్టిన చెంచా ఉప్పు, రెండు మూడు చెంచాల నూనె చాలు. గోరువెచ్చని పాలు 150 మిల్లీలీటర్లు, నీళ్లు 120 మిల్లీలీటర్లు పోసి, చపాతీ పిండి కన్నా మెత్తగా పది నిమిషాలు పిసకాలి. పిండి మరీ గట్టిగా అనిపిస్తే ఇంకొంచెం నీళ్లు చిలకరించండి. పాలు వేలికి చుర్రుమనేంత వేడిగా ఉంటే ఈస్టు చచ్చిపోతుంది, రొట్టె పొంగదు. పిండి రెట్టింపయ్యాక ఉండలు చేసి, అరంగుళం మందంగా అదిమి, రెండు వైపులా బొంబాయి రవ్వ అద్ది, మరో అరగంట వదిలేయాలి. తర్వాత మందపాటి పెనం మీద నూనె లేకుండా, సన్నని సెగన, ఒక్కో వైపు ఏడెనిమిది నిమిషాలు మూతపెట్టి కాల్చాలి. సెగ పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

మన ఎండల సంగతీ చూసుకోవాలి. చలికాలంలో గంటన్నర పట్టే పొంగు మే నెలలో ముప్పావు గంటకే వచ్చేస్తుంది. ఆదమరిస్తే పిండి పుల్లబడి చతికిలబడుతుంది. ఎండాకాలంలో పాలు, నీళ్లు చల్లగానే పోసి, ఈస్టు సగానికి తగ్గించండి. రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పొద్దున పని తేలిక. నిల్వకు మందులేమీ కలపని రొట్టె కనుక ఆ వేడిలో బయట ఒక్క రోజుకు మించి ఉంచొద్దు. బూజు చుక్క కనిపిస్తే ఆ మేరకు గిల్లేసి తినడం తప్పు. మొత్తం పారేయాల్సిందే.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఇంట్లో చేశాం కదా అని ప్రతిదీ ఆరోగ్యమైపోదు. మొత్తం మైదా పోసి, వెన్న దట్టించి, పైన జామ్ పూస్తే బజారు బన్నుకూ దానికీ పెద్ద తేడా ఉండదు. సగం గోధుమపిండితో చేసినా రక్తంలో చక్కెర త్వరగానే పెరుగుతుంది. పిండిలో పీచు కాస్త ఎక్కువన్నదే లాభం. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. ఇంట్లో చక్కెర జబ్బు ఉన్నవారు ఒక్క రొట్టెతో ఆపి, పక్కన ఉడికించిన గుడ్డో, మొలకెత్తిన పెసలో, గుప్పెడు కూరగాయ ముక్కలో పెట్టుకోవాలి. గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉన్నవారు దీని జోలికే పోకూడదు. ఈస్టుతో పులియబెట్టినంత మాత్రాన గ్లూటెన్ పోదు.

ఉప్పు మాటా అంతే. పైన చెప్పిన కొలతలో ఒక్కో రొట్టెకు అర గ్రాము పైచిలుకు ఉప్పు వస్తుంది. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రొట్టె మధ్యలో గోంగూర పచ్చడో, పండుమిరప పచ్చడో పెట్టుకుంటే రుచి అమోఘమే. మన గుంటూరు నాలుకకు అది లేకపోతే ముద్ద దిగదు. కానీ నిల్వ పచ్చడితో పాటే ఉప్పూ వచ్చి చేరుతుంది. బీపీ ఉన్నవారు అప్పటికప్పుడు నూరిన పల్లీ చట్నీ, పుదీనా పచ్చడి ఎంచుకుంటే మేలు.

ఇంకొక్క మాట. ఆరోగ్యం పేరుతో అమ్మ నెత్తిన మరో పని పెట్టడం న్యాయం కాదు. రోజూ ఇడ్లీ, పెసరట్టు ఉండనే ఉన్నాయి. వాటిని తప్పించి ఈ రొట్టెను తేవాలని మేం చెప్పడం లేదు. బ్రెడ్డు కొనే రోజు ఎలాగూ ఉంటుంది కదా, ఆ రోజుకు ఇది ప్రత్యామ్నాయం. ఆదివారం పొద్దున నాన్న పిండి పిసకనీయండి, పిల్లలు ఉండలు చేయనీయండి. ఒక్కసారి తన చేత్తో చెంచా ఉప్పు, చెంచా చక్కెర కొలిచి పోసిన పిల్ల, రేపు కొట్లో ప్యాకెట్ తీసుకున్నప్పుడు తప్పకుండా వెనక్కి తిప్పి చూస్తుంది.