సగటు లెక్క

మా తొమ్మిదో తరగతిలో వొక కుర్రవాడున్నాడు. మూడు సంఖ్యలిచ్చి సగటు కట్టమంటే బిత్తరచూపులు చూస్తాడు. బ్రాడ్‌మన్ సగటెంతరా అంటే మాత్రం నిద్రలో లేపి అడిగినా 99.94 అంటాడు. ముప్ఫయ్యేళ్లుగా సుద్దముక్కతో కుస్తీ పడుతున్న నాబోటివాడికి ఈ రెంటికీ ముడి పెట్టవచ్చునన్న సంగతి ఇన్నాళ్లకి తట్టింది చూడండి!

"అది ఎలా వచ్చిందిరా?" అన్నాను. తెల్లముఖం వేశాడు. ఆ పూటకి లెక్కల పుస్తకం మూసేశాం. బ్రాడ్‌మన్ 52 టెస్టుల్లో 80 సార్లు బాటు పట్టుకుని దిగి 6,996 పరుగులు చేశాడని బల్లమీద రాశాను. భాగించారు. 87.45 వచ్చింది. మళ్లీ భాగించారు. మళ్లీ అంతే. తరగతంతా సంతబజారయింది. చివరికి వెనకబెంచీలోంచి వొక గొంతు, "కొన్నిసార్లు అవుట్ కాలేదేమో మాస్టారూ" అంది. సరిగ్గా పదిసార్లు. 70 చేత భాగిస్తే 99.94 తేలింది. 1948లో ఓవల్ మైదానంలో ఆఖరిసారి దిగి హోలీస్ బంతికి సున్నా చుట్టకుండా, నాలుగంటే నాలుగు పరుగులు చేసి అవుటయినా నూరు నిండేదని వాళ్లే లెక్కకట్టి వాళ్లే అయ్యో అనుకున్నారు. భాజకం గురించి పిల్లలు బాధపడగా చూడడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

మర్నాడు గవాస్కర్ వంతు. 1975 ప్రపంచకప్పులో లార్డ్స్ మైదానంలో ఇంగ్లండు 60 ఓవర్లలో 334 చేస్తే, మనవాడు చివరిదాకా నిలబడి 174 బంతుల్లో 36 చేసి నాటౌట్‌గా తిరిగొచ్చాడు. ఇండియా 202 పరుగుల తేడాతో ఓడింది. సగటు లెక్కలో ఆయనమీద ఈగ వాలదు: పైన 36 కలుస్తుంది, కింద భాజకం కదలదు! అయితే ఈ సగటు అబద్ధమా అని పోట్లాటకొచ్చారు. అబద్ధం కాదు, దాన్ని అడిగింది వొక ప్రశ్న, మనకి కావలసింది మరో ప్రశ్న. నూరు బంతులకి ఎన్ని పరుగులని అడగండి, ఇరవయ్యొకటికి లోపే వస్తుంది.

ఇంతవరకూ బాగానే వుంది. ఇక్కడితో ఆగివుంటే ఇంకా బాగుండేది.

ఇది తెలిసి మా డ్రిల్లు మాస్టారు, "మీ పిల్లలచేత మన జట్టుకి కూడా వొక పట్టీ వేయించకూడదూ?" అన్నారు. స్కోరుబుక్కు తెచ్చాం. తొమ్మిది ఆటలు. సగటు, వేగం, బంతులు వేసినవాళ్లకి వికెట్టుకి ఎన్ని పరుగులు, అన్నీ కట్టి నీలంసిరాతో చక్కని పట్టీ రాసి నేనే స్వయంగా అందించాను. పట్టీలో అట్టడుగున వున్న కుర్రవాడు తొమ్మిదిసార్లు ఆడి 72 పరుగులు చేశాడు. సగటు 8. వాడి చోట సగటు 14 వున్నవాణ్ణి తీసుకున్నారు. అంకెలు చెప్పాక ఇంకేం వుంది! వాడు మాట్లాడలేదు. ఆ మర్నాటినుంచి మైదానానికి రావడం మానేశాడు.

మా జట్టుకి స్కోరు రాసేది వొక అమ్మాయి. నెమ్మదస్తురాలు. రెండువారాలు పోయాక స్కోరుబుక్కు తెచ్చి నా బల్లమీద పెట్టి, "అంచుల్లో చూడండి మాస్టారూ" అంది. పెన్సిలు చుక్కలు. కవర్ వైపు వెళ్లిన ప్రతి బంతికీ వొక చుక్క, పరుగు పోతే దానికి తోక. సరదాకి పెట్టుకుందట. ఆ కుర్రవాడు అక్కడ నిలబడ్డ చివరి రెండు ఆటల్లో 23 బంతులు వెళ్లాయి, 6 పరుగులు పోయాయి. వాడు లేని రెండు ఆటల్లో 21 బంతులకి 19 పరుగులు. అంటే కొత్తవాడు బాటుతో ఆటకి ఆరు పరుగులు ఎక్కువ తెస్తే, చేతుల్లోంచి ఆరున్నర జార్చేస్తున్నాడు.

అమెరికాలో బిల్ జేమ్స్ అనే ఆయన చిక్కుడుగింజల డబ్బాల ఫాక్టరీలో రాత్రి కాపలా కాస్తూ 1977లో బేస్‌బాల్ లెక్కల పుస్తకం సొంతంగా అచ్చువేసుకున్నాడు. జారవిడిచిన బంతులు లెక్కపెట్టి ఫీల్డరుని తూచకండి, అసలు బంతి దగ్గరికే చేరనివాడు జారవిడిచేదేముంది అన్నది ఆయన వాదన. ఇది నేను చదివినదే. చదివి, పిల్లలకి చెప్పి, తీరా పట్టీ దగ్గరికొచ్చేసరికి గడి వున్నవాటినే లెక్కపెట్టాను.

అయినా మాస్టారిని కదండీ, వోడిపోవడానికి మనసొప్పదు. "రెండేసి ఆటలతో ఏం తేలుతుందమ్మా? చాలా తక్కువ" అన్నాను. మాట నిజమే. ఆ పిల్ల పుస్తకం మూసి, "వాణ్ణి తీసెయ్యడానికి తొమ్మిది చాలాయి కదండీ" అని వెళ్లిపోయింది.

శనివారం సాయంత్రం వాళ్ల నాన్న కొట్టుకి వెళ్లాను. మా ఆవిడ చెప్పిన జీలకర్ర వొక వంక. కుర్రవాడే పొట్లం కడుతున్నాడు. ఏం చెప్పాలో తోచక చుక్కల సంగతంతా చెప్పేశాను. దారం తెంపుతూ తల ఎత్తకుండానే విన్నాడు.

"ఇరవైమూడు బంతులకి ఆరా మాస్టారూ?" అన్నాడు. "అందులో రెండు నావి కావు. బౌలరు మధ్యలో చెయ్యి పెట్టి దారి మళ్లించాడు. ఆ అమ్మాయిని దిద్దమనండి."

"నువ్వే వచ్చి దిద్దరా. సోమవారం నాలుగున్నరకి" అన్నాను.

చిల్లర లెక్కపెట్టి చేతిలో పోసి, గోడ గడియారం వైపు చూశాడు.