పాత కీబోర్డుకు పట్టాభిషేకమేల?



మెకానికల్ కీబోర్డు, అందునా పాతది, మొదటిసారి కొనదలచినవారికి ఒక ఉపదేశము పదే పదే వినవస్తున్నది. "కొంటే ఐబీఎం వారి మోడల్ ఎం కొనాలి, లేకుంటే ఊరకుండాలి" అన్నది దాని సారాంశము. పింఛను రాళ్ళతో ఇల్లు గడుపుకొంటూ తెలుగు వ్రాయాలని ముచ్చటపడే నా వంటివాడు ఈ మాట విని ఏం చేస్తాడు? రెండవ సగమే పాటిస్తాడు. ఊరకుంటాడు. నాకు అభ్యంతరము అక్కడనే.

మోడల్ ఎం గొప్పతనాన్ని నేను కాదనను. 1985లో వచ్చిన ఆ కీబోర్డులో ప్రతి మీట క్రింద ఒక స్ప్రింగు ఉంటుంది. నొక్కినప్పుడు అది ఒక్కసారిగా ప్రక్కకు వంగి టక్కుమంటుంది. బరువు ఇంచుమించు 2 కిలోలు. ఎన్నో ఏళ్ళు మన్నుతుంది. అయితే అమెరికా నుండి దానిని తెప్పించుకొనడానికి రవాణా ఖర్చు, సుంకము ఎవరు భరిస్తారు? పైగా దాని తొలి రకాలలో 101 మీటలే. విండోస్ మీట లేదు. ఇంగ్లీషు మాత్రమే వ్రాసేవానికి అది లోటు కాదు. వాక్యమధ్యంలో తెలుగు నుండి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుండి తెలుగుకు మారే మనకు విండోస్, స్పేస్ మీటలు కలిపి నొక్కడము నిత్యకృత్యము. ఆల్ట్, షిఫ్ట్ కలిపి పని గడుపుకోవచ్చును, నిజమే. కానీ అంత ధర పోసి కొన్న వస్తువుతో సర్దుకొనిపోవడము దేనికి?

మనకు అందుబాటులో ఉన్నది వేరొకటి. బ్యాంకులలోను, కార్యాలయాలలోను గుమాస్తాల వ్రేళ్ళ క్రింద ఏళ్ళ తరబడి టకటకలాడిన టీవీఎస్ గోల్డ్. పాత గోల్డ్ కీబోర్డులలో జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ నీలిరంగు స్విచ్చులు ఉండేవి. మీట మొత్తము 4 మిల్లీమీటర్లు దిగుతుంది. సుమారు సగము దిగగానే "టక్" అని చెప్పి అక్షరము పడుతుంది. రబ్బరు బుడిపెల కీబోర్డులో అడుగంటా మోదవలసినదే. అరవై దాటిన వ్రేళ్ళకు ఈ భేదము గంటసేపు వ్రాస్తే తెలిసిపోతుంది. మరొక సుగుణము: ఒక్క స్విచ్చు చెడితే దానిని ఊడదీసి మరొకటి అతికించవచ్చును. చప్పుడు ఎక్కువన్న నింద ఉన్నది. తలుపు వేసుకొని వ్రాసుకొంటే సరి.

కార్యాలయాలు కంప్యూటర్లు మార్చినప్పుడు ఇవి పాత సామాను దుకాణాలకు చేరుతూ ఉంటాయి. విశాఖలో ద్వారకానగర్ వైపు, సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు విచారించండి. నా మటుకు నేను గీసుకొన్న గీత 1,500 రూపాయలు. మొదటి కీబోర్డుకు అంతకు మించి పెట్టడము ముచ్చటే గాని అవసరము కాదు.

ఇక పరీక్ష. ఇంగ్లీషువారు తమ అవసరాలకు వ్రాసుకొన్న సలహాలు ఇక్కడ మనకు చాలవు. స్విచ్చు అరిగితే ఒక్కసారి నొక్కినా అక్షరము రెండుసార్లు పడుతుంది. ఇంగ్లీషులో అది కంటికి కనబడే తప్పు. లేఖిని వంటి పరికరాలలో రోమను అక్షరాలతో తెలుగు వ్రాసేవారికో? 'ఏ' మీట రెండుసార్లు పలికితే హ్రస్వము దీర్ఘమవుతుంది. "మనము" "మానము" అవుతుంది. "పలు" "పాలు" అవుతుంది. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే గనుక ఏ యంత్రమూ తప్పని చెప్పదు. చదువరి మాత్రము మనకు తెలుగు రాదనుకొంటాడు!

1986లో కేంద్ర ప్రభుత్వము ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో వ్రాసేవారికి కీలకము 'డి' మీట. పొల్లు అక్కడనే ఉన్నది. "స్త్రీ" అని వ్రాయడానికి ఆరు మీటలు నొక్కితే అందులో రెండు పొల్లువే. ఒత్తులు లేని తెలుగు ఎక్కడిది? ఒత్తక్షరాలకు, శకార షకారాలకు, ణకారానికి షిఫ్ట్ కావలెను. కాబట్టి దుకాణంలో 'ఏ', 'డి', రెండు షిఫ్టులు, స్పేసు మీట, వీటిని ఇరవైసార్లు చొప్పున నొక్కి చూడండి. గుమాస్తా చేతిలో అరిగిన అంకెల మీటలు చూసి బెంగపడకండి. మనకు వాటితో పని తక్కువ.

పాత గోల్డ్‌కు గుండ్రని పీఎస్/2 కొస ఉంటుంది. కంప్యూటరు ఆపి ఉన్నప్పుడే తగిలించవలెను. ల్యాప్‌టాపుకు కలపాలంటే ఆకారము మార్చే తొడుగు అన్నివేళలా చాలదు. లోపల చిప్ ఉన్న కన్వర్టరు అడగండి. మా గోపాలపట్నము వంటి చోట్ల సముద్రపు గాలి, దుమ్ము రెండూ ఉన్నాయి గనుక ఒకటి రెండు మీటల టోపీలు పైకి లాగి అడుగున తుప్పు ఉన్నదేమో చూడండి. మురికికి వెరవనక్కరలేదు. టోపీలను సబ్బునీటిలో కడిగి బాగా ఆరబెడితే చాలును. తుప్పు ఉంటే మాత్రము దండము పెట్టి వచ్చేయండి.

"ఫోనుకు చెబితే అదే వ్రాస్తుంది, ఈ కీబోర్డు గొడవ దేనికి?" అనే మహానుభావులూ ఉన్నారు. ర, ఱ ఉచ్చారణలో ఏనాడో ఒక్కటైపోయినాయి. ఏది ఎక్కడ వ్రాయాలో వినికిడితో తేలదు. వ్రాసేవాని చదువుతో తేలుతుంది. అరసున్న సంగతి చెప్పనే అక్కరలేదు. ఈ రెండింటికీ ఇన్‌స్క్రిప్ట్‌లో చోటున్నది. నోటితో చెప్పి సరిపెట్టుకొంటే వాటికి చోటు ఎక్కడ?

నా తోటి ఉపాధ్యాయులు ఎందరో ఉన్నారు. వారి తలలో ఊరి మాటలు, పొలము మాటలు, పాత పద్యాల తాత్పర్యాలు ఉన్నాయి. ఫోను తెరపై వ్రేలు నిలవక, ఖరీదైన కీబోర్డు కొనలేక కూర్చున్నవారు అవి ఎక్కడా వ్రాయకుండానే వెళ్ళిపోతారు. "మోడల్ ఎం లేనిదే మొదలుపెట్టకు" అనే పెద్దలు ఈ నష్టాన్ని లెక్కలో వేసుకొన్నారా? సేకరణ ఒక సరదా. వ్రాత ఒక పని. సరదాకు పెట్టిన నియమాలను పనికి అంటగట్టకండి.

పాత గోల్డ్ ఒకటి వెదకి పట్టుకోండి. కడగండి. కలపండి. వ్రాయండి.

స్వస్తి.