రూపాయి ఖర్చు లేదని ఎవరు చెప్పారండీ?



పోయిన ఆదివారం మీ పత్రిక అనుబంధంలో ‘రూపాయి ఖర్చు లేకుండా అమెరికాలో బయాలజీ పీహెచ్‌డీ’ అని అరపేజీ వ్యాసం వేశారు. పక్కన నీలిరంగు నీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి ఫోటో. నేను అదే అమెరికాలో అదే బయాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా ల్యాబ్‌లో నీలిరంగు నీళ్ళూ లేవు, ఫ్లాస్కు పట్టుకుని నవ్వేంత తీరికా ఎవరికీ లేదు.

ఆ పేపరు పట్టుకుని మా వీధిలో ఎరువుల కొట్టాయన నాన్న దగ్గరికి వచ్చాడట. “ఏం మాస్టారూ, అమ్మాయికి చదువు ఉత్తినే, పైగా నెలనెలా డాలర్లు కూడానట! మరి బ్యాంకు లోను ఇంకా తీరలేదంటారేం?” అన్నాడట. ఆ లోను నా ఎమ్మెస్సీది. మూడేళ్ళ బీఎస్సీ చాలదని ఇక్కడ చాలా విశ్వవిద్యాలయాలు అంటాయి కాబట్టి చేసిన ఎమ్మెస్సీ. ఈ సంగతి మీ వ్యాసంలో లేదు. నాన్న ఆ ముక్కను ఫోటో తీసి పంపి, “వీళ్ళకేం చెప్పమంటావమ్మా?” అన్నారు. ఆయన ఎంతమందికని చెబుతారు? వేసింది మీరు, మీరే చెప్పండి.

ట్యూషన్ ఫీజు మాఫీ అవుతుందన్నది నిజమే. నెలకింతని స్టైపెండ్ ఇస్తారన్నదీ నిజమే. ఎందుకిస్తారో మాత్రం మీ వ్యాసకర్త రాయలేదు. చాకిరీ చేస్తాం గనక ఇస్తారు. మొదటి సంవత్సరం డిగ్రీ పిల్లలకు ల్యాబ్ క్లాసులు నేనే చెబుతాను. పండ్ల ఈగల్ని మత్తులో పడేసి, ఎర్ర కళ్ళవెన్ని, తెల్ల కళ్ళవెన్ని అని లెక్కపెట్టించాలి. గ్లాసు పగలగొట్టిన వాడి చేతికి కట్టు కట్టాలి. అందరి రిపోర్టులూ దిద్దాలి. సెమిస్టరు చివర “ఈవిడ ఇంగ్లీషు అర్థం కావడం లేదు” అని వాళ్ళు రాసిన కాగితాలు చదువుకోవాలి. కాగితం మీద వారానికి 20 గంటలు. దిద్దుబాటు ఆ 20లో ఎప్పుడూ పట్టదు. ఇదంతా అయ్యాక నా పరిశోధన. ఇంక్యుబేటర్లో కణాలకు సంక్రాంతి, దీపావళి తేడా తెలియదు, వేళకు వాటి మీడియా (పోషక ద్రవం) మార్చకపోతే చచ్చిపోతాయి.

ఇక అసలు సంగతి. మా డిపార్ట్‌మెంటుకు ఎన్‌ఐహెచ్ (అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు) వాళ్ళ శిక్షణ గ్రాంటు ఉంది. టీ32 అంటారు. అది దొరికిన విద్యార్థికి క్లాసులు చెప్పే పని తప్పుతుంది, పూర్తిగా ల్యాబ్‌లోనే ఉండొచ్చు. రెండో ఏడాది మా ప్రొఫెసరు నన్ను పిలిచి, ఈసారి నీ పేరే పంపుతున్నానన్నారు. నేను రెండు పేజీల ప్రణాళిక రాశాను, ఆయన కూర్చుని దిద్దారు, నేను మళ్ళీ రాశాను. ఆఫీసుకు వెళితే అక్కడి గుమాస్తా చాలా మర్యాదగా ఫారంలో ఒక గడి చూపించింది. అమెరికా పౌరులా, శాశ్వత నివాసులా? రెండూ కాకపోతే ఆ కాగితం చదవరు. నేను రాసిందాంట్లో తప్పుంటే సరే, దాన్ని ఎవరూ తెరవనే లేదు. పాపం ప్రొఫెసరు గారికి కూడా ఆ నిబంధన గుర్తు లేదు, ఆయన అమెరికనే కాబట్టి ఎప్పుడూ అవసరం పడలేదు. ఆ గ్రాంటు నా పక్క బల్ల అబ్బాయికి వచ్చింది. మంచివాడే, చాలా బాధపడ్డాడు కూడా. ఆ సెమిస్టరు అతను రాత్రి ఏడింటికి మైక్రోస్కోపు ముందు కూర్చుంటే నేను ఈగల రిపోర్టులు దిద్దుతూ కూర్చున్నాను. అతని మొదటి పేపరు వచ్చేసింది. నాది ఇంకా రివ్యూలో ఉంది.

తర్వాత వెతికితే తెలిసింది, అదొక్కటే కాదని. ఎన్‌ఐహెచ్ వాళ్ళ ఎఫ్31 ఫెలోషిప్పు అంతే. ఎన్‌ఎస్‌ఎఫ్ (నేషనల్ సైన్స్ ఫౌండేషన్) గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ఫెలోషిప్పు కింద ఏడాదికి 37,000 డాలర్ల చొప్పున మూడేళ్ళిస్తారు, అదీ అంతే. డబ్బు వాళ్ళ ప్రభుత్వానిది, వాళ్ళ పిల్లలకు ఇచ్చుకుంటారు, దానికి నాకు కోపం లేదు. కోపమల్లా ఈ ముక్క తెలుగులో ఎక్కడా రాయకుండా ‘ప్రతిభ ఉంటే చాలు’ అని పెద్దక్షరాల్లో వేసిన మీ మీద. మాకు మిగిలేవి రెండే దార్లు, క్లాసులు చెప్పడం లేదా ప్రొఫెసరు గ్రాంటు. మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో తిరిగి చూశాక ఎక్కడ చేరాలో తేల్చుకోవాలి. శిక్షణ గ్రాంటు మీద పెట్టే వీలు లేదు కాబట్టి క్లాసులు చెప్పని సెమిస్టర్లలో విదేశీ విద్యార్థి ఖర్చు ప్రొఫెసరే భరించాలి. ఎంత ఇష్టమున్నా ఆయన లెక్క చూసుకోక తప్పదు.

2025లో ఆ లెక్కలే తలకిందులయ్యాయి. ఎన్‌ఐహెచ్ గ్రాంట్లు కొన్ని రద్దయ్యాయి, కొన్ని ఆగిపోయాయి. మసాచుసెట్స్‌లో ఒక వైద్య విశ్వవిద్యాలయమైతే పీహెచ్‌డీ సీట్లు ఇచ్చి మరీ వెనక్కి తీసుకుంది. గ్రాంటు పోతే అమెరికా పిల్లలు ఏ కాఫీ కొట్లోనో పనిచేసి ఆ సెమిస్టరు నెట్టుకొస్తారు. ఎఫ్1 వీసా మీద ఉన్నవాళ్ళం క్యాంపస్ దాటి అలా పనిచేస్తే వీసాకే ముప్పు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకొకటి. జీఆర్‌ఈ లేనిదే సీటు రాదని మీ వ్యాసంలో ‘నిపుణుడు’ చెప్పాడు. బయాలజీ పీహెచ్‌డీలకు చాలా విశ్వవిద్యాలయాలు జీఆర్‌ఈ అడగడం మానేసి ఏళ్ళయింది. పేజీ తిప్పగానే జీఆర్‌ఈ కోచింగు ప్రకటన. ఆ నిపుణుడూ ఆ ప్రకటనా ఒకే సంస్థవి. ఇది యాదృచ్ఛికమని మీరంటే నమ్ముతాను లెండి.

ఇంకా ఉంది. ఏటా జనవరి 12న వివేకానంద జయంతి పెద్ద ఫోటో కింద, ఓ మూలన అదే రోజు పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారికి నాలుగు అంగుళాలు కేటాయిస్తారు. గుర్తింపు రాని తెలుగు మేధావి అని మీరే వాపోతారు. నాలుగు అంగుళాల్లో ఏం గుర్తింపు వస్తుంది? పైగా ఆయన మందుల పేర్లన్నీ రాసి, డబ్బు సంగతి వదిలేస్తారు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ సాయం తీసుకుని బోస్టన్ చేరిన ఆయన, ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి పొట్టపోసుకున్నారు. ఆ తర్వాతే ఫిస్క్–సుబ్బారావు పద్ధతి, 1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ. ఆయన కథలో కూడా రూపాయి ఖర్చు లేదని వచ్చే జనవరిలో రాస్తారేమో!

ఎవరినీ రావద్దని నేననను. నేను మానేసి ఇంటికి రావడమూ లేదు, నా కణాలు ఇప్పుడిప్పుడే మాట వింటున్నాయి. కానీ ఆ వ్యాసం చదివి దరఖాస్తు పెట్టే పిల్లలకు కొన్ని సంగతులు మీరు చెప్పాలి. సీటిచ్చిన ఉత్తరంలో ఎన్నేళ్ళకు డబ్బు హామీ ఇచ్చారో చూడమనండి. వేసవి నెలలకు స్టైపెండ్ ఉందా, మాఫీ కాని ‘స్టూడెంట్ ఫీజు’ ఎంత అని అడగమనండి. చేరబోయే ప్రొఫెసరు గ్రాంటు ఎప్పటిదాకా ఉందో ఆయన్నే అడగమనండి, ఇక్కడ ఎవరూ తప్పుగా అనుకోరు. వీసా దరఖాస్తుకు 185 డాలర్లు, విదేశీ విద్యార్థుల నమోదుకు కట్టే సెవిస్ ఫీజు 350, విమానం టిక్కెట్టు, ఇంటి అడ్వాన్సు, మొదటి స్టైపెండ్ చేతికొచ్చేదాకా తిండి ఖర్చు, ఇవన్నీ ఇంటి నుంచే తెచ్చుకోవాలని కూడా వేయండి. ఆ వ్యాసం వేసిన పేజీలోనే, అంత పెద్ద అక్షరాల్లోనే వేయండి. లోపలి పేజీలో ‘సవరణ’ అని చీమతలకాయంత వేస్తే మళ్ళీ ఉత్తరం రాస్తాను.

నా పేరు వేయవద్దని మనవి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాకు సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తున్నారు. వచ్చే వేసవిలో చెల్లి పెళ్ళికి వచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు నేను మళ్ళీ వీసా స్టాంపింగుకు హైదరాబాదు కాన్సులేటులో నిలబడాలి.

— ఒక పరిశోధక విద్యార్థిని, ఇండియానా