‘ఉమ్మడి’ అంటే ఎవరిది?

ఉమ్మడి కుటుంబంలో పుట్టినవాడికి పుట్టుకతోనే వాటా వస్తుంది. ఇంటి పెద్ద అలిగినా అది పోదు. ‘ఉమ్మడి అటవీ యాజమాన్యం’ అన్న మాట కట్టినవారు ఈ సంగతి ఎరగక కట్టారా, ఎరిగే కట్టారా అన్నది నా చిరకాల సందేహం.

1990లో కేంద్రం సర్క్యులర్ పంపింది. 1992లో ఆంధ్రప్రదేశ్ (అప్పటికి అదీ ఉమ్మడే!) వన సంరక్షణ సమితులకు శ్రీకారం చుట్టింది. 2002లో ప్రపంచ బ్యాంకు అప్పు వచ్చాక పథకం పేరులో ‘సమాజం’ కూడా చేరింది. కాపలా ఊరిది, పెత్తనం అటవీ శాఖది. అంతా ప్రభుత్వ ఉత్తర్వు మీద నిలిచిన వ్యవహారం. ఇచ్చిన చెయ్యి ఎప్పుడైనా వెనక్కు తీసుకోవచ్చు. దీన్ని భాగస్వామ్యమనడానికి నాకు నోరు రాదు.

2006 అటవీ హక్కుల చట్టం ఈ లెక్కను తిరగేసింది. తరతరాలుగా కాపాడుకుంటున్న సాముదాయక అడవిని రక్షించుకునే, నిర్వహించుకునే హక్కు గిరిజనులకూ ఇతర అటవీవాసులకూ ఉన్నదని గుర్తించింది. ఆ పని గ్రామసభ చేతుల్లో పెట్టింది. మరి మనవాళ్ళేం చేశారు? అనేక చోట్ల ఆ సాముదాయక హక్కు పత్రాలను గ్రామసభకు కాక, పాత వన సంరక్షణ సమితుల పేరిటే రాసిచ్చారు! హక్కు అడిగినవాడి చేతిలో మళ్ళీ కాపలా కర్రే పెట్టారు.

“ఊరివాళ్ళకిస్తే అడవి మిగులుతుందా?” అని పట్నాల్లో పెద్దమనుషులు అడుగుతుంటారు. సహజమైన అడవి కొట్టేసి వరసలు వరసలుగా జామాయిల్ నాటించింది ఊరివాళ్ళా? తెలంగాణకు పొరుగునే ఉన్న గడ్చిరోలి జిల్లాలో మెంఢా-లేఖా అనే గోండు గ్రామం ఉంది. 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద దానికి సాముదాయక హక్కు దక్కింది. అయినా వెదురు అమ్ముకోనివ్వలేదు. 1927 నాటి చట్టం 2017 వరకూ వెదురును చెట్టన్నది కదా! వృక్షశాస్త్రం గడ్డి అంటుంది, 2006 చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తి అంటుంది. శాఖకు మాత్రం అప్పట్లో అది కలపే. 2011లో కేంద్ర మంత్రి జైరాం రమేష్ స్వయంగా ఆ ఊరికి వెళ్ళాక గాని రవాణా పర్మిట్ల పుస్తకం గ్రామసభ చేతికి రాలేదు.

గ్రామసభలన్నీ పునీతమని నేననను. అక్కడా కామందులుంటారు, ఆడవాళ్ళ మాట వెనక్కే పోతుంది. ఆ తగువు ఊరు తేల్చుకోవాలి, రేంజరు కాదు. సమితుల పేర ఉన్న ఆ పత్రాలను రద్దు చేసి, గ్రామసభల పేర తిరిగి రాయండి. అందుకు కొత్త చట్టమూ అక్కర్లేదు, కొత్త అప్పూ అక్కర్లేదు.