బాధితుల వేషం – 7: కథ ఎక్కడ మొదలుపెట్టాలి?

"సార్, మా తాతలు ఏదో చేశారని నేనెందుకు సీటు పోగొట్టుకోవాలి?"

ప్రతి ఏడూ ఒక్కసారైనా నా క్లాసులో వచ్చే ప్రశ్న ఇది. అడిగిన పిల్లాడి మీద నాకు కోపం లేదు. కానీ మిత్రులారా, అతని కథ ఎక్కడ మొదలవుతుందో చూడండి. పోయిన సీటు దగ్గర. తాత ఒక్క ముక్కలో వచ్చి పోతాడు.

ఈ విద్యలో ఆరితేరిన ఒకావిడ జర్మనీ పార్లమెంటులో 27 ఏళ్లు కూర్చుంది. పేరు ఎరికా స్టైన్‌బాఖ్. 1990 నుంచి 2017 దాకా ఎంపీ, చివరి కొన్ని నెలలు తప్ప అంతా సీడీయూలోనే. 1998 నుంచి 2014 దాకా నిర్వాసితుల సమాఖ్యకు అధ్యక్షురాలు. హిట్లర్ ఓడిపోతున్నప్పుడు, ఓడాక, తూర్పు యూరప్ నుంచి పారిపోయిన, తరిమేయబడ్డ జర్మన్లు సుమారు కోటీ ఇరవై లక్షల మంది. చలికి, ఆకలికి, దాడులకి దారిలోనే ఎందరో పోయారు. ఆ దుఃఖం నిజం. కారంచేడు వదిలి చీరాల చేరినవాళ్ల బిడ్డలం, ఊరు వదలడమంటే ఏమిటో మనకి ఒకరు చెప్పాలా? ఆ ముసలమ్మల కన్నీళ్లని నేను వెటకారం చెయ్యను.

నా గొడవ వాళ్ల నాయకురాలితో. ఈవిడ 1943లో రాహ్మెల్‌లో పుట్టింది. దాని పోలిష్ పేరు రూమియా. 1939 సెప్టెంబరులో నాజీలు ఆక్రమించేదాకా అది పోలండ్ ఊరు. తండ్రి ఆ ఊరివాడు కాదు, జర్మన్ వైమానిక దళం ఉద్యోగమిచ్చి పంపితే వచ్చినవాడు. దగ్గర్లోనే పియాష్నిత్సా అడవి ఉంది. యుద్ధం మొదలైన ఆ శీతాకాలంలోనే అక్కడ పోలిష్ టీచర్లనీ, చర్చి ఫాదర్లనీ, మానసిక రోగులనీ వేలమందిని కాల్చి గుంతల్లో పూడ్చారు. 1945 జనవరిలో సోవియట్ సైన్యం వస్తుంటే తల్లి పిల్లల్ని తీసుకుని పారిపోయింది. ఏడాదిన్నర పసిగుడ్డు నేరమేముంది? ఏమీ లేదు.

అయితే 1991లో ఆవిడ పసిగుడ్డు కాదు. పోలండ్ సరిహద్దుని ఖాయం చేసే ఒప్పందానికి వ్యతిరేకంగా ఓటేసిన ఎంపీ.

2010 సెప్టెంబరులో ఆవిడ అన్న మాట ఇంకా గట్టిది. పోలండ్ 1939 మార్చిలోనే సైన్యాన్ని సమీకరించిందట! అబద్ధమా అంటే కాదు, తేదీ సరైనదే. కాకపోతే అదే మార్చి 15న హిట్లర్ సైన్యం ప్రాగ్‌లోకి దిగింది, పోలండ్ కదిలింది ఆ తర్వాత. వారం రోజులు కత్తిరిస్తే చాలు, దాడి చేసినవాడు ఆత్మరక్షణ చేసుకున్నవాడైపోతాడు. అబద్ధాన్ని పట్టుకోవడం తేలిక. తోక కోసిన నిజాన్ని పట్టుకోవాలంటే లైబ్రరీకి పోవాలి. మన వాట్సాప్ చరిత్రకారులకి ఇంత నేర్పు లేదు, సంతోషించాలి.

2012లో ట్విట్టర్‌లో నాజీలది వామపక్ష పార్టీ అంది. అంటే ఆ పాపం కూడా ఎదుటివాళ్లదే! 2016లో ఒక ఫొటో పెట్టింది. మధ్యలో ఒక తెల్లపిల్లాడు, చుట్టూ మన వాడ పిల్లల్లాంటి నల్లటి పిల్లలు, నవ్వుతున్నారు. పైన 'జర్మనీ 2030' అని రాసి ఉంది. కాందిశీకుల పేరు మీద బతికిన రాజకీయం కొత్త కాందిశీకుల పిల్లల్ని చూపించి భయపెడుతోంది. అప్పటికి ఆవిడ తన పార్టీ పార్లమెంటు పక్షానికి మానవ హక్కుల ప్రతినిధి! మెర్కెల్ శరణార్థుల్ని రానిచ్చిందని 2017 జనవరిలో పార్టీ వదిలేసింది. మరుసటి ఏడు మితవాద ఏఎఫ్‌డీకి దగ్గరైన ఫౌండేషన్‌కు అధ్యక్షురాలైంది. దారి మారిందని కొందరు ఆశ్చర్యపోయారు. 1991 నాటి ఓటు చూసినవాళ్లకి ఆశ్చర్యం దేనికి?

ఈసారి ప్రశ్న అడిగిన పిల్లాడికి ఒక పని చెప్పాను. మీ ఊరి చెరువు కింద మాగాణి ఎవరెవరి పేర్లమీద ఉంది, ఎప్పట్నుంచి ఉంది, దాన్ని దున్నిందెవరు, మీ తాతనడిగి రాసుకురా అన్నాను. రెండు వారాలైంది. ఇంకా తేలేదు.

(ఇంకా ఉంది)
జై భీమ్