సవరణ అడిగితే మార్పు అంటారా?

మన ఇళ్లలో ‘షేక్’ ఇంటిపేరు. సైన్యంలో చేరేనాడు గుమాస్తా దానిని ‘ఎస్.కె.’ అని కుదించి రాస్తే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఎదురు చెప్పగలడా? కొలువున్నన్నాళ్లూ ఎవరికీ పట్టని ఆ రెండక్షరాలే, పింఛను కాగితాలను ఆధార్‌తో పోల్చేవేళ అడ్డుగోడలవుతున్నాయి.

సర్వీసు రికార్డులో పేరు సరిచేయమని మాజీ సైనికుడు విన్నవిస్తే, అఫిడవిట్, పత్రికా ప్రకటన, గెజిట్ తెమ్మంటున్నారు. ఆయన పేరు మార్చుకోలేదు. తండ్రి పెట్టిన పేరునే తిరిగి అడుగుతున్నాడు. చేరికనాడు చూపిన బడి ధ్రువపత్రాన్ని సరిచూస్తే చాలదా అని మేము అడుగుతున్నాము.

జాగ్రత్తను మేము తప్పుపట్టము. మారుపేర్లతో పింఛను కాజేసేవారూ లేకపోలేదు. కానీ ఆ భారం చివరికి పడేది వితంతువు మీద. డిశ్చార్జి పుస్తకంలో ‘బీబీ’, ఆధార్‌లో ‘బేగం’. రెండూ గౌరవపదాలేననీ, మనిషి ఒక్కతేననీ ఆమె ఏ కిటికీ ముందు నిలబడి నిరూపించుకోవాలి?

కనుక పెద్దలు జీవించి ఉండగానే డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తరువు, ఆధార్ పక్కపక్కన పెట్టి చదవండి, భార్యాబిడ్డల పేర్లతో సహా. తేడా కనబడితే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సాయంతో రికార్డు కార్యాలయానికి అర్జీ పంపి, రసీదు భద్రపరచుకోండి.