చక్రములపై గృహము



గండికోట దుర్గము క్రిందుగా పెన్నానది శిలలను దొలచుకొని పోవు లోయయొద్ద మొన్న నొక సాయంకాలము మేము నిలిచియుంటిమి. గాలి విసరినప్పుడెల్ల యాత్రికుల గుడారములు పటపట కొట్టుకొనుచుండెను. మాతో వచ్చిన యొక సోదరి సంచినుండి కాగితమొకటి తీసి చూపెను. కారు వెనుక తగిలించి లాగుకొని పోదగిన చిన్న యింటిని స్వయముగా కట్టదలచి యామె భర్త గీసిన పటమది. ఉద్యోగవిరమణానంతరము దంపతులిరువురును ఏడాది పొడుగున నందే కాపురముండవలెనని సంకల్పము.

ఆ బండి నీటిబొట్టు వలె ముందు గుండ్రముగను, వెనుక సన్నముగను నున్నది. ఇది మంచి యాలోచనయే. వేగము రెండింతలైనచో గాలి నిరోధము నాలుగింతలగును. ముందంచులను గుండ్రముచేసి వెనుకభాగమును క్రమముగా సన్నగిలజేసినచో గాలి సుడులు తగ్గి, ఇంధనము మిగులును. అమెరికాలో 1936లో వెలువడిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ అను అల్యూమినియపు బండి యిట్టిదే. మన గూడుబండి కప్పును వంచినది ఎండవానలకై. ఎద్దుల నడకకు గాలితో పని లేదు.

అయితే వంటయిల్లెచ్చట? పటమున నది తోకవైపు నున్నది. అచ్చట కప్పు నాలుగడుగుల యెత్తే. "అమ్మా, ఇచ్చట మీరు నిలువగలరా?" యని యడిగితిమి. ఆమె కొలతను చూచి యూరకుండెను. రెండుదినముల విహారమున వంగి వండవచ్చును. నిత్యమట్లు వండినచో నడుమేమగును?

కావున పొయ్యిని ఎత్తైన నడిభాగమునకు జరిపి, తోకలో పరుపు నుంచవలెను. బయటి ఆకారము చెడదు, ఇల్లాలికి సుఖము. నీటితొట్టియు ఇరుసుకు దగ్గరగా నుండవలెను. నూరు లీటర్ల నీరు నూరు కిలోల బరువు. బండి మొత్తపు బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్లు కారు కొక్కెముపై మోపవలెను. వెనుక బరువెక్కిన బండి వేగమున తోక యాడించి బోల్తాపడవచ్చును.

ఈ సీమలో వేసవి యెండ 40 డిగ్రీలు దాటును. ఒంటిరేకు కప్పు పెనమగును గాన రెండు రేకుల నడుమ వేడి నాపు పొర వేయవలెను. మూసిన గదిలో గ్యాసు మండినచో విషవాయువు పుట్టవచ్చును. క్రిందనొకటి, పైన నొకటి గాలిద్వారములు తప్పవు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి లాగుడుబండికిని నమోదు కావలెను.

రేకు కోయుటకు ముందొక పని చేయుడు. పెరటిలో ముగ్గుపిండితో ఆ యింటిని సరికొలతకు గీసి, కప్పు ఎత్తున త్రాళ్లు కట్టి, ఆ గీతలు దాటక మూడుదినములు వండి, తిని, పరుండుడు. దంపతులిరువురును చేయవలెను, వంటవంతు ఆయనకును రావలెను. పిమ్మట పటము దిద్దుట సులభమగును.